పారబోసే విటమిన్లను కంచంలోకి తెచ్చుకోవడం ఎలా?

ఈ వారం కొత్తగా ఏమీ కొనకండి. రోజూ ఒక పది నిమిషాలు వంటింట్లో సింకు పక్కన నిలబడి, ఏమేమి పారబోస్తున్నారో చూడండి. బియ్యం కడిగిన నీళ్ళు, వార్చిన గంజి, తోటకూర ఉడికించి పిండేసిన పచ్చటి నీళ్ళు, ముల్లంగి దుంపకు ఉన్న ఆకు, చివరికి కంచం అంచున ఏరిపెట్టిన కరివేపాకు. మందుల షాపులో రంగు రంగుల సీసా కొనే ముందు వేసుకోవలసిన లెక్క ఇది. మామూలు తెలుగు ఇంటి తిండిలో విటమిన్లు తక్కువేమీ కాదు. సంచి నుంచి కంచం దాకా వచ్చేలోపు మనమే వాటిని జారవిడుచుకుంటాం. ఈ మాటకు మినహాయింపులు రెండే: బి12, డి. వాటి సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఒక్క సూత్రం. సి విటమిను, బి కుటుంబంలోనివన్నీ నీటిలో కరుగుతాయి. ఎ, డి, ఇ, కె కొవ్వులో కరుగుతాయి. మొదటి రకం నీళ్ళతోపాటు పోతుంది. రెండో రకం కాస్త నూనో నెయ్యో తోడు లేకపోతే ఒంటికి సరిగా పట్టదు. ఇక కింద చెప్పబోయే పనులన్నీ ఈ రెండు ముక్కల చుట్టూనే తిరుగుతాయి.

అన్నంతో మొదలుపెట్టండి

రోజూ ఎక్కువగా తినేది అన్నమే కాబట్టి మొదటి దిద్దుబాటు అక్కడే. వడ్లగింజకు ఊక కింద పలుచటి పొర ఒకటి ఉంటుంది. థయమిన్ అనే బి1 విటమిను ఎక్కువగా ఆ పొరలోనూ, గింజ కొనన ఉండే మొలకలోనూ ఉంటుంది. బియ్యం మల్లెపువ్వులా తెల్లగా ఉండాలని మరపట్టినప్పుడు అదంతా తవుడై రాలిపోతుంది. వెనుకటి రోజుల్లో పల్లెల్లో ఆ తవుడు గేదెకు పెట్టేవారు. బియ్యం కడిగిన నీళ్ళు కుడితి తొట్టిలో పోసేవారు. గంజి కూడా చాలా ఇళ్ళలో అక్కడికే చేరేది. లెక్క కట్టి చూస్తే ఇంటిల్లిపాదిలోనూ బలమైన భోజనం గేదెదే! పాల రూపంలో కొంతయినా తిరిగి వచ్చేదనుకోండి. అపార్టుమెంట్లలో గేదె కూడా లేదు కాబట్టి ఇప్పుడు అంతా మురుగు కాలువ పాలే.

నవ్వులాటకు చెప్పిన మాట కాదిది. ఉత్తర సర్కారులని పిలిచిన మన కోస్తా జిల్లాలు ఒకప్పుడు బెరిబెరి జబ్బుకు పేరుపడ్డాయి. కాళ్ళు తిమ్మిరెక్కడం, ఒంటికి నీరు పట్టడం, గుండె బలహీనపడటం దాని లక్షణాలు. కారణం బి1 లోపం. దేశంలో అన్నం తినేవాళ్ళు ఇంకెందరో ఉండగా ఇక్కడే ఎందుకు వచ్చిందంటే, మిగతా చాలా చోట్ల తినేది ఉప్పుడు బియ్యం, ఇక్కడ తినేది మరపట్టిన పచ్చి బియ్యం. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు పై పొరలోని బి1 గింజ లోపలికి ఇంకుతుంది. తర్వాత మరపట్టినా అందులో చాలా భాగం మిగిలే ఉంటుంది. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పుట్టుక కూడా ఈ జబ్బుతోనే ముడిపడి ఉంది. 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో ఒక్క గదిలో బెరిబెరి పరిశోధన కేంద్రంగా మొదలై, 1958లో అది హైదరాబాదుకు చేరింది.

ఇప్పుడు మీరు చేయవలసినవి. తెల్లగా మెరిసే బియ్యం బదులు ఒంటిపట్టు బియ్యం, అంటే ఒక్కసారే తేలికగా మరపట్టినవి అడగండి. ఊక మాత్రమే తీసిన ముడి బియ్యం అలవాటు లేనివారు ఒక్కసారిగా వాటికి మారితే మూడో రోజుకే ఇంట్లో తిరుగుబాటు వస్తుంది. రోజూ వండే బియ్యంలో నాలుగో వంతు ముడి బియ్యం కలిపి మొదలుపెట్టండి. ముడి బియ్యాన్ని విడిగా అరగంట నానబెట్టి, ఆ నీళ్ళతోనే వండండి. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి ఈ బియ్యం నెలల తరబడి నిలవ ఉంచితే ముక్కవాసన వస్తుంది. కొద్దికొద్దిగా కొనుక్కోండి.

కడగడం రెండుసార్లు చాలు. నీళ్ళు తేటగా వచ్చేదాకా చేత్తో రుద్ది రుద్ది ఐదారుసార్లు కడిగే అలవాటు మానండి. అన్నం వార్చకుండా అత్తెసరు పెట్టండి, అంటే బియ్యానికి సరిపడా మాత్రమే నీళ్ళు పోసి అవి ఇంకిపోయేలా వండండి. కుక్కర్‌లో జరిగేది అదే. వార్చిన అన్నమే కావాలంటే గంజిని పారబోయకుండా ఉప్పు, మజ్జిగ కలిపి తాగండి. చద్దన్నం తినే ఇళ్ళవారు రాత్రి అన్నంలో పోసిన నీళ్ళను పొద్దున వంపేయవద్దు. అందులోకి దిగిన బి విటమిన్లు పోతాయి.

రేషన్ బియ్యంలో అక్కడక్కడ కాస్త తేడాగా ఉన్న గింజలు కనబడితే ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసేవాళ్ళను నేను చూశాను. అవి ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బి12 చేర్చి బియ్యప్పిండితో తయారుచేసిన గింజలు. నూరు కిలోల బియ్యానికి ఒక కిలో చొప్పున కలిపినవి. వాటిని ఏరడమంటే విటమిన్లను ఏరి పారేయడమే.

ఆకుకూర: కట్ట విప్పింది మొదలు

పెద్దవాళ్ళు రోజుకు సుమారు 400 గ్రాముల కూరగాయలు, అందులో 100 గ్రాములు ఆకుకూరలు తినాలని జాతీయ పోషకాహార సంస్థ సలహా. 100 గ్రాములంటే ఒక మోస్తరు కట్ట. పాలకూర, తోటకూర, గోంగూర, బచ్చలి, మెంతికూర, పొన్నగంటికూర, ఏదైనా సరే. మన శరీరం ఎ విటమినుగా మార్చుకునే కెరోటిన్, ఫోలేట్ (ఫోలిక్ ఆమ్లమనే బి విటమినుకు సహజ రూపం), కె విటమిను ఒకే కట్టలో దొరుకుతాయి. ఒక్క కూరనే పట్టుకుని వేలాడకుండా సంతలో ఆ రోజు ఏది తాజాగా ఉంటే అది తెచ్చుకోండి. ఎండలో వడలిపోయిన ఆకు ధర తగ్గించి ఇస్తారు, దాంతోపాటు అందులో సి విటమిను కూడా తగ్గి ఉంటుంది.

మునగాకునే ఉదాహరణగా తీసుకుని పప్పు వండుదాం. ఆషాఢంలో మునగాకు తినాలని పెద్దలు చెప్పిన మాటను ఏడాది పొడవునా పాటించినా తప్పులేదు. మునగ రెబ్బలు ఆకు ఆకు దూయడం విసుగు పుట్టించే పని. అందుకే చాలామంది దాని జోలికి పోరు. రెబ్బలను పలుచటి గుడ్డలో వదులుగా చుట్టి రాత్రంతా ఉంచండి. తెల్లారి గుడ్డను నాలుగుసార్లు దులిపితే సగానికి పైగా ఆకు దానంతటదే రాలిపోతుంది. మిగిలిన ఈనెలను ఏరేస్తే సరి.

ముందు కడగండి, ఆ తర్వాతే తరగండి. తరిగాక కడిగితే కోసిన ప్రతి అంచు నుంచీ విటమిన్లు నీళ్ళలోకి జారుకుంటాయి. మునగాకు చిన్నదే కాబట్టి అసలు తరగనక్కర్లేదు. గ్లాసు కందిపప్పును కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, మూత తీసి, అప్పుడు రెండు గుప్పిళ్ళ ఆకు వేయండి. పప్పుతోపాటు మొదటినుంచీ ఆకును ఐదు విజిళ్ళు వచ్చేదాకా ఉడికించడం వృథా. మూతపెట్టి చిన్న మంట మీద ఐదారు నిమిషాలు ఉంచండి. ఆకు మగ్గి, పచ్చి వాసన పోయి, రంగు మాత్రం ఇంకా పచ్చగానే కనిపిస్తున్నప్పుడు దించేయాలి. ఖాకీ రంగు తిరిగిందంటే ఆలస్యమైనట్టే. రంగు నిలవాలని చిటికెడు వంట సోడా వేసే అలవాటు కొందరికి ఉంది. దానివల్ల కంటికి పచ్చదనం మిగులుతుందేమో కానీ బి1, సి విటమిన్లు దెబ్బతింటాయి.

ఇక తాలింపు. ఆకుకూరలోని కెరోటిన్ కొవ్వు తోడుంటేనే ఒంటికి పడుతుంది. బరువు తగ్గాలని చుక్క నూనె లేకుండా ఉడకబెట్టిన ఆకుకూర తినేవారికి అందులోని ఎ విటమిను చాలావరకు దక్కదు. రెండు చెంచాల నూనెలోనో నెయ్యిలోనో ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిర్చి వేయించి పప్పులో కలపండి. వేరుశనగ నూనె, పొద్దుతిరుగుడు నూనె వాడితే ఇ విటమిను కూడా కలిసి వస్తుంది. పప్పు దించాక, పొగ తగ్గాక నిమ్మకాయ పిండండి. పొయ్యి మీద ఉండగా పిండితే పులుపు మిగులుతుంది కానీ సి విటమిను కొంత పోతుంది.

ఆకుకూరలు తినే విషయంలో ఒక జాగ్రత్త. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు ఒక వారం రోజూ ఆకుకూర తిని, మరుసటి వారం పూర్తిగా మానేయడం లాంటివి చేయకూడదు. కె విటమిను ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది. ఎంత తింటారో రోజూ అంతే తినండి, మార్చుకోవాలంటే డాక్టరుకు చెప్పండి.

ఆకుకూర పడనివాళ్ళు ఎ విటమిను కోసం బొప్పాయి, మామిడిపండు, తీపి గుమ్మడి, క్యారెట్ తినవచ్చు. మాంసాహారులకు గుడ్డు పచ్చసొన, కాలేయం ఉన్నాయి. కాలేయంలో ఎ విటమిను ఎంత ఎక్కువంటే, గర్భిణులు దాన్ని డాక్టరును అడగకుండా తరచూ తినకపోవడమే మంచిది.

రోజుకొకటి పచ్చిగా

సి విటమిను అంత సుకుమారమైనది మరొకటి లేదు. గాలి, వేడి, నీళ్ళు, నిలవ ఏదీ దానికి గిట్టదు. అందుకే ఎంత బాగా వండినా, రోజుకు ఒక్క వస్తువైనా పచ్చిగా తినే అలవాటు పెట్టుకోండి. పెద్దవాళ్ళలో ఆడవారికి రోజుకు 65, మగవారికి 80 మిల్లీగ్రాములు కావాలి. నూరు గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. ఆసుపత్రిలో ఉన్నవారిని చూడబోతూ మనం కవరు నిండా పట్టుకెళ్ళే ఆపిల్‌లో నూరు గ్రాములకు నాలుగైదు మిల్లీగ్రాములే. ఆపిల్ మీద నాకు పగేమీ లేదు, ధర చూసినప్పుడు మాత్రం బండి మీద జామకాయలమ్మే ఆవిడే గుర్తొస్తుంది.

ఉసిరికాయ జామను కూడా మించుతుంది. అన్ని కాయల్లోనూ వేడికి సి విటమిను తొందరగా పోతుంది కానీ, ఉసిరిలో పులుపు వల్ల కొంత నిలుస్తుంది. కార్తీకంలో కాయలు వచ్చినప్పుడు నిలవ పచ్చడి పెట్టుకుంటాం సరే, సీజను ఉన్నన్నాళ్ళూ రోజుకొక పచ్చి కాయ ఉప్పద్దుకుని తినండి. వేసవిలో మామిడికాయ ముక్కలు, ఏడాదంతా నిమ్మకాయ, టమాటా ఉండనే ఉన్నాయి. కోసిన వెంటనే తినాలి. పొద్దున కోసి డబ్బాలో పెట్టుకున్న పళ్ళ ముక్కల్లో మధ్యాహ్నానికి సి విటమిను తగ్గుతుంది.

భోజనంలో ఈ పులుపు ఉంటే ఆకుకూరలు, పప్పుల్లోని ఇనుము కూడా బాగా ఒంటబడుతుంది. భోజనం కాగానే టీ తాగితే దానికి అడ్డుపడుతుంది. ఒక గంట ఆగండి.

పప్పులు, మొలకలు, పల్లీలు

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పనిచేస్తూ, 1940లలో తన బృందంతో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయించారు. లాటిన్ భాషలో ఫోలియం అంటే ఆకు. పాలకూర ఆకుల నుంచి వేరుచేసిన పదార్థం కాబట్టి దానికా పేరు. ఆకుల్లో ఉన్నట్టే పెసలు, శనగలు, బొబ్బర్లు, కందిపప్పులోనూ ఈ విటమిను దండిగా ఉంటుంది. రక్తం తయారీకి ఇది కావాలి. గర్భం దాల్చాలనుకునే ఆడవారు మాత్రం తిండితో సరిపెట్టుకోకుండా, ముందునుంచే డాక్టరు సలహాతో ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకోవాలి. బిడ్డ వెన్నుపాము రూపుదిద్దుకునే తొలి వారాల్లో చాలామందికి తాము గర్భవతులమన్న సంగతే తెలియదు.

ఎండు పెసలలో సి విటమిను లేనట్టే. అదే మొలకెత్తితే పుడుతుంది. రాత్రి పెసలు నానబెట్టి, పొద్దున నీళ్ళు వంచి తడిగుడ్డలో మూటకట్టి గిన్నెలో పెట్టండి. మధ్యలో ఒకటి రెండుసార్లు నీళ్ళు చిలకరించండి. మన ఎండలకు మరునాటి పొద్దుటికల్లా మొలకలు వస్తాయి. జిగటగా ఉన్నా, పుల్లటి వాసన వచ్చినా పారేయండి. పసిపిల్లలకు, ముసలివాళ్ళకు, గర్భిణులకు పచ్చివి పెట్టకుండా ఆవిరి మీద కాసేపు ఉడికించి పెట్టండి. సి విటమిను కొంత పోయినా కడుపు చెడకుండా ఉంటుంది.

జొన్న రొట్టె తినేవారికి ఒక మాట. దక్కను ప్రాంతంలో దాదాపు జొన్నలే తిని బతికిన పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు కనబడటాన్ని హైదరాబాదు శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో వివరించారు. అది నియాసిన్ అనే బి3 విటమిను లోపం వల్ల వచ్చేది. జొన్నలు చెడ్డవని దీని అర్థం కాదు. ఒక్క జొన్నలతోనే కడుపు నింపుకోవలసి రావడం చెడ్డది. రొట్టెతో పల్లీల పచ్చడి, పప్పు, ఓ గ్లాసు మజ్జిగ ఉంటే బెంగలేదు. పల్లీల్లో నియాసిన్ పుష్కలం.

నోరు పూసినా పెదవుల మూలలు పగిలినా మనం ‘వేడి చేసింది’ అనేసి మజ్జిగ తాగుతాం. చాలాసార్లు అది బి2 లోపం. పాలు, పెరుగు, మజ్జిగల్లో బి2 ఉంటుంది కాబట్టి రోగం పేరు తప్పయినా మందు సరైనదే. ఈ విటమిను వెలుతురుకు పాడవుతుంది. పాలను గాజు గ్లాసులో కిటికీ దగ్గర ఉంచకండి.

బి12: కూరగాయల్లో వెతకవద్దు

బి12ను తయారుచేసేవి సూక్ష్మజీవులు. మనకది పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం ద్వారానే అందుతుంది. ఏ ఆకులోనూ, ఏ పప్పులోనూ నమ్మదగినంత ఉండదు. శాకాహారులు రోజుకు పాలు, పెరుగు కలిపి సుమారు అర లీటరు తీసుకోవాలి. పాలు కూడా మానేసినవారు మాత్ర గానీ బి12 చేర్చిన ఆహారం గానీ తీసుకోక తప్పదు. ఇందులో మొహమాటం పనికిరాదు.

మా పిన్ని ఏళ్ళ తరబడి షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేది. అరికాళ్ళు తిమ్మిరిగా ఉంటే షుగరు వల్లేనని అందరం అనుకున్నాం. చివరికి రక్తపరీక్ష చేయిస్తే బి12 బాగా తక్కువని తేలింది. ఆ మందు చాలా కాలం వాడితే బి12 తగ్గే అవకాశం ఉందని అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. తిమ్మిర్లు, తగ్గని నీరసం, మతిమరుపు ఉంటే పరీక్ష చేయించండి. ఆలస్యమైతే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా పూడకపోవచ్చు.

డి: మీ నీడను చూడండి

డి విటమినుకు వంటిల్లు పెద్దగా ఆదుకోదు. కవళ్ళు, కానాగంతలు లాంటి కొవ్వున్న చేపల్లో, గుడ్డు పచ్చసొనలో కొంత దొరుకుతుంది. డి చేర్చిన పాల ప్యాకెట్లు వస్తున్నాయి, కవరు మీద చూసి కొనండి. ముఖ్యమైనది ఎండే, అదీ లేత ఎండ కాదు. పొద్దున ఆరింటికి నడకకు వెళ్ళి డి విటమిను వచ్చేసిందనుకోవడం భ్రమ. నీడ మీ ఎత్తు కన్నా పొట్టిగా పడుతున్నప్పుడే దానికి కావలసిన కిరణాలు తగినంత నేలకు చేరతాయి. హైదరాబాదులో మే నెలలో తొమ్మిదికే ఆ పరిస్థితి వస్తుంది. డిసెంబరులో పదకొండు నుంచి ఒంటిగంటన్నర దాకా మాత్రమే. చేతులు, కాళ్ళు కొంత బయటపెట్టి పావుగంట నుంచి అరగంట ఉండండి. నల్లటి చర్మానికి ఇంకాస్త సమయం పడుతుంది. కిటికీ అద్దం వెనక కూర్చుంటే ఉక్కపోత తప్ప మరేమీ దక్కదు. వేసవిలో వడగాడ్పుల వేళ ఈ పని పెట్టుకోవద్దు, తొమ్మిది గంటల ఎండలోనే ముగించండి.

లోపం తేలితే డాక్టర్లు 60,000 యూనిట్ల మాత్ర రాస్తారు. అది సాధారణంగా వారానికి ఒకటి. పొరపాటున రోజుకొకటి మింగి ఆసుపత్రి పాలైనవాళ్ళున్నారు. కొవ్వులో కరిగే విటమిన్లు ఎక్కువైతే ఒంట్లో పేరుకుంటాయి.

ఇక ఆ కరివేపాకు

అవసరం తీరాక పక్కన పెట్టేస్తే ‘కరివేపాకులా తీసిపారేశారు’ అంటాం. నిజానికి కంచంలో కెరోటిన్ ఎక్కువగా ఉండే ఆకుల్లో అదొకటి. ఏరి పారేసేవాళ్ళ చేత తినిపించాలంటే పొడి చేయడమొకటే దారి. రెండు పెద్ద గుప్పిళ్ళ ఆకును కడిగి, తడి ఆరేదాకా నీడలో గుడ్డ మీద పరవండి. ఎండలో పెడితే కెరోటిన్ పోతుంది. చెంచా నూనెలో ఆకును గలగలలాడేదాకా చిన్న మంట మీద వేయించండి, మాడనివ్వకండి. పావు కప్పు పల్లీలు, రెండు చెంచాల నువ్వులు, నాలుగు ఎండుమిరపకాయలు, కాస్త జీలకర్ర విడిగా వేయించి చల్లార్చండి. ఉప్పు, చిన్న ఉసిరికాయంత చింతపండు చేర్చి అన్నీ కలిపి మిక్సీలో బరకగా పట్టండి. చివర్లో నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేసి ఒక్కసారి తిప్పండి. గాజు సీసాలో పోసి బిగుతుగా మూతపెట్టి, పొయ్యికి దూరంగా, వెలుతురు తగలని అలమరలో ఉంచండి. రెండు వారాలకు సరిపడా మాత్రమే చేసుకోండి. వేడి అన్నంలో మొదటి ముద్దకు ఒక చెంచా పొడి, పైన అర చెంచా నెయ్యి.